తొమ్మిదిళ్ల ఎంగిలి

ముప్పైనాలుగేళ్లు నేను డీజిల్ ఇంజన్లు నడిపాను. డోన్ నుంచి గుంతకల్లు, డోన్ నుంచి నంద్యాల, డోన్ నుంచి కాచిగూడ. నేను వదిలిన పొగంతా ఒకచోట కుప్ప పోస్తే ఈ ఊరికి ఏడాదిపాటు ఎండ తగలదని మా ఆవిడ విశ్వాసమ్మ ఎగతాళి చేస్తుంది. ఆ మాట పడీ పడీ నాకు చివరికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఈ కథ ఆ పౌరుషం గురించి. దానివల్ల జరిగిన తప్పు కూడా చెబుతాను, దాచుకోవడం నాకు చేతకాదు.

మాది డోన్ ఊరి చివర తొమ్మిదిళ్ల వీధి. అందులో పెద్ద ఇల్లు నాగలక్ష్మమ్మది. భూమి ఉన్న కుటుంబం, దొడ్లో మూడు బర్రెలు, ఇంటి పక్కనే ఖాళీ జాగా. ఆమెకూ మాకూ మధ్య ఒక గోడ. ఇరవై ఏళ్లుగా ప్రతి ఉగాదికీ ఆ గోడ మీదుగా మాకు భక్షాలు, అదే బొబ్బట్లు, వస్తాయి. ప్రతి క్రిస్మస్‌కీ మా వైపు నుంచి అరటిపళ్లు, బేకరీవాడు కట్టిన దారం తెంచని కేకు డబ్బా పోతాయి. మా పొయ్యి మీద ఉడికింది ఏదీ ఆమె గడప దాటలేదు. అలాగని చెడ్డమనిషి కాదు. విశ్వాసమ్మకు ఆపరేషను అయినప్పుడు మూడు రోజులు ఆస్పత్రిలో మంచం పక్కనే కూర్చుంది, మా ఫ్లాస్కులో కాఫీ మాత్రం తాగలేదు. నేను ఏనాడూ అడగలేదు, ఆమె ఏనాడూ చెప్పలేదు. నాకు కోపం లేదంటే అబద్ధమే.

ఆమె కోడలు సాహితి బడిలో సైన్సు టీచరు. పోయిన ఏడాది దసరా సెలవుల్లో ఒక నోటుబుక్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఏడాదికి ఎన్ని సిలిండర్లు, నెలకెన్ని యూనిట్ల కరెంటు, బండికి ఎంత పెట్రోలు, అన్నీ రాసుకుంది. సాయంత్రం మా అరుగు మీద కూర్చుని గుణించి చెప్పింది.

"తొమ్మిదిళ్లకు కలిపి ఏడాదికి ఇరవై నాలుగు టన్నుల కార్బన్, మామా."

ఇరవై నాలుగు టన్నులంటే నాకు వెంటనే కళ్లకు కట్టింది. దాదాపు అర వ్యాగను సరుకు. ఏడాదికి అర వ్యాగను పొగ మా వీధిలోంచి ఎవరికీ కనబడకుండా బయలుదేరి పోతోంది! రిటైరయ్యాక నాకు అంత ఉత్సాహం కలిగింది అదే మొదలు.

"ఎంత తగ్గియ్యొచ్చమ్మా?" అన్నాను.

"అందరూ కలిస్తే మూడో వంతు."

కలవడం మాత్రం నేను చూసుకుంటానన్నాను. వారం తిరిగేసరికి మిద్దెలన్నీ ఎక్కి సున్నం కొట్టించాను. గదుల్లో వేడి తగ్గింది, కూలర్లు ఆపినా నిద్ర పట్టింది. కర్నూలుకు పనికి పోయే ముగ్గురూ మూడు బండ్లు మాని ఒకే బస్సు ఎక్కేలా చేశాను. దీనికి కొంచెం అరవాల్సి వచ్చింది. ఇక మిగిలింది వంట గ్యాసు.

దానికి సాహితి చెప్పిన ఉపాయం గ్యాసు గుంత. వీధిలో మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, బస్టాండు దగ్గర మా వీధి ఓబుళేశు నడిపే ఉగ్గాని హోటలు వ్యర్థాలు, అన్నీ నీళ్లతో కలిపి గుంతలో పోస్తే లోపల పులిసి గ్యాసు పుడుతుంది. గుంత మీద బోర్లించిన ఇనుప డ్రమ్ము గ్యాసు చేరేకొద్దీ పైకి లేస్తుంది. అక్కడి నుంచి గొట్టం, గొట్టం చివర పొయ్యి. చెత్తదిబ్బ మీద కుళ్లి గాలిలో కలిసే గ్యాసును మనమే పట్టి కాల్చుకోవడమన్నమాట. జాగా ఉన్నది నాగలక్ష్మమ్మ దగ్గర. అందరం కలిసి పోయి అడిగాం.

"తవ్వుకోండప్పా, ఎవరొద్దన్నారు?" అంది ఆమె. "అయితే రెండు గుంతలు తవ్వల్ల. మా బర్రెల పేడ గుంత మాకు, మీ ఎంగిలి గుంత మీకు. రెండూ కలపొద్దు. మీరు తిని వొదిలిపెట్టిన దాంతో పుట్టిన మంట మీద నేను దేవునికి నైవేద్యం వొండాల్నా?"

సాహితి ముఖం ఎర్రబడింది. "అత్తా, మంటకు ఎంగిలి యాడుంటాది?"

"నీ సైన్సు బడిలో చెప్పుకో పో. ఇంకో మాట. ఉగాది దాకా చూస్తా. గబ్బు కొట్టినా, మంట ఆగినా, పూడ్చి పారేసి ఆడ దొడ్డి కట్టిస్తా."

నాకు నెత్తికెక్కింది. విశ్వాసమ్మ నా మోచెయ్యి గిల్లకపోతే ఏదో అనేవాణ్ణే. ఇంటికొచ్చాక, "జాగా ఇచ్చింది గదా, నోరు మూసుకోని గుంత తవ్వు" అంది. సరే, రెండు గుంతలు తవ్వాం. ఆమె దొడ్డి గోడకు అవతల ఆమెది, ఇవతల ఖాళీ జాగాలో మాది. ఆమె గుంత నుంచి గొట్టం ఆమె వంటింట్లోకి పోయింది. మా గుంత పక్కన రేకుల పాక వేసి రెండు పొయ్యిలు పెట్టాం. పప్పు ఉడకబెట్టుకోవాలన్నా, సంగటి గెలకాలన్నా, స్నానానికి నీళ్లు కాచుకోవాలన్నా ఎనిమిదిళ్లవాళ్లూ వంతులవారీగా అక్కడికే వచ్చేట్టు ఏర్పాటు.

జనవరి నెలాఖరులో మా పొయ్యి మొదటిసారి వెలిగిన రోజు ఓబుళేశు విజిల్ వేశాడు. ఎదురింటి జీవమ్మ టీ పెట్టి వీధంతటికీ పోసింది. నీలం మంట! చప్పుడు లేదు, మసి లేదు. ముప్పైనాలుగేళ్లు నల్లపొగ మింగిన నాకు ఆ మంట ముందు నుంచి లేవబుద్ధి కాలేదు. గోడ అవతల నుంచి నాగలక్ష్మమ్మ తల ఒకసారి కనబడి మాయమైంది. చూసింది, అది చాలు నాకు.

ఇక నేను ఊరుకుంటానా? పాక ముందు నల్లబోర్డు పెట్టాను. ఎనిమిది ఇళ్ల పేర్లు రాసి, పక్కన ఎవరు ఎన్ని కిలోలు వేశారో ప్రతి సాయంత్రం కొక్కెం తక్కెడతో తూచి రాసేవాణ్ణి. ఇంజన్లో ఉన్నప్పుడు మీటర్లు చూసి రాసిన చెయ్యి గదా, ఊరుకోదు. వారంలో ఎక్కువ వేసిన ఇంటి పేరు చుట్టూ ఎర్ర సుద్దతో గీత గీసేవాణ్ణి. ఆ గీత కోసం వీధి వీధంతా కొట్టుకుచచ్చింది.

"హోటలు బక్కెట్లు గూడా లెక్కకొస్తే మేమెట్ల గెలుస్తాం, దావీదన్నా?" అని జీవమ్మ నా మీదికి వచ్చింది. "వాడు రోజూ ఇరవై మంది ఎంగిలి తెస్తాండాడు!"

"నీకేం తక్కువ జీవమ్మా, ఇల్లంతా వెతుకు. గుంతకు పనికిరానిది లేదు. ఏదున్నా తెచ్చెయ్" అన్నాను.

ఆ మాటే కొంప ముంచింది.

అది కొత్త చింతపండు దిగే కాలం. మా వైపు ఆ రోజుల్లో ఆడవాళ్లంతా ఒక అరుగు మీద చేరి చింతకాయలు కొట్టి గింజ తీస్తారు, పీచు తీస్తారు. ఏడాదికి సరిపడా పండు ముద్దలు చేసి ఉప్పు చల్లి పెడతారు. కొత్త ఆవకాయకు జాడీలు ఖాళీ కావాలి గనక పాత ఊరగాయలు కూడా అప్పుడే బయటికి వస్తాయి. జీవమ్మ మూడు జాడీల పాత మాగాయ తెచ్చి గుంతలో పోసింది. ఆమెను చూసి మిగతావాళ్లు నిమ్మకాయ ఊరగాయ, ఉసిరికాయ, చింతపండు పీచు, నల్లబడిన పండు తెచ్చి పోశారు. ఓబుళేశు ఊరుకుంటాడా, హోటల్లో పిండేసిన నిమ్మచెక్కలు గోతాంతో తెచ్చి గుమ్మరించాడు. నేను తూచి రాస్తున్నాను. ఒక్కరోజులో నూట పది కిలోలు! బోర్డు నిండా ఎర్ర గీతలే. డ్రమ్ము మునుపెన్నడూ లేనంత పైకి లేచింది. నేను ఫోటో తీసి బస్సులో ఉన్న సాహితికి పంపాను.

మరుసటి పొద్దున విశ్వాసమ్మ పప్పు పెట్టబోయి అగ్గిపుల్ల గీసింది. గ్యాసు బుస్సుమని వచ్చింది, పుల్ల ఆరిపోయింది. ఇంకోటి గీసింది. అదీ ఆరిపోయింది. నేను పోయి నాలుగు గీశాను. ఒక్కటీ నిలవలేదు. మధ్యాహ్నానికి వీధంతా కోడిగుడ్డు కుళ్లిన గబ్బు.

సాహితి బడి నుంచి నేరుగా వచ్చి గుంత నీళ్లలో పులుపు చూపే రంగు కాగితం ముంచి చూసింది. కాగితం ఎర్రబడింది. బోర్డు చూసింది. నా వంక చూసింది.

"మామా, ఏమేం ఏసినారు?"

చెప్పాను.

"పులుపెక్కువై లోపల గ్యాసు పుట్టించే పురుగు సచ్చిపోతాంది. డ్రమ్ము లేసిండేది వొట్టి గాలి, అది మండదు. కొత్తగా మొదలుపెడితే రెండు నెలలు పడ్తాది."

ఉగాది పన్నెండు రోజుల్లో ఉంది. జీవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమెను నేనే ఎగదోశానని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ గుంత పూడితే మా వీధి మళ్లీ ఎవరి ఇల్లు వాళ్లదే అవుతుంది. పొయ్యి దగ్గర వంతు కోసం నిలబడి ఎనిమిదిళ్లవాళ్లు చెప్పుకునే కబుర్లు ఆగిపోతాయి. నాకైతే పొగ తగ్గించడానికి చేసిన ఒకే ఒక్క పని నా చేతులతోనే చెడిపోయినట్టు అవుతుంది. ఆ సాయంత్రం నేను నాగలక్ష్మమ్మ గడప ముందు నిలబడ్డాను.

"అమ్మా, గుంత చెడిపోయింది. తప్పు నాది. పోటీ పెట్టి అందరితో ఊరగాయలు ఏయించినా."

ఆమె తిట్టడం మొదలుపెట్టింది. "బుద్ధుండేవాడు చేసే పనేనా అది? ఇంజన్లో డీజిలుకు బదులు చింతపులుసు పోసినావా ఎప్పుడన్నా? గెడ్డం నెరిసినా ఆ ఎర్ర సుద్ద పిచ్చేంది నీకు?" ఇంకా శానా అంది. అన్నీ నిజాలే గనక తల వంచుకుని విన్నాను. చివరికి, "పా, సూద్దాం" అని చెప్పులు వేసుకుంది.

మా గుంత దగ్గరికి ఆమె రావడం అదే మొదటిసారి. వీధంతా చుట్టూ చేరింది. ఆమె కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు. వంగి వాసన చూసింది. కట్టె పెట్టి కలిపి, పైకి వచ్చే నురగ చూసింది. బర్రె కడుపు తట్టినట్టు డ్రమ్మును రెండుసార్లు అరచేత్తో తట్టింది.

"దీనికి అజీర్తి" అంది.

ఎవరూ నవ్వలేదు.

"మేత మారి పులిసిన జొన్నలు తింటే బర్రెకు గూడా ఇట్లే కడుపుబ్బుతాది. నెమరు ఆగిపోతాది. అప్పుడేం చేస్తాం? బాగుండే బర్రె నోట్లో నెమరేసే ముద్ద చేత్తో లాగి దీని నోట్లో పెడతాం. రెండు రోజులకు లేసి మేత మేస్తాది. మా నాయన చేసేవాడు, నేనూ చేసినా."

సాహితి కళ్లు మెరిశాయి. "అత్తా! అదే! బాగుండే గుంతలోది తెచ్చి దీంట్లో పోస్తే ఆ పురుగు మళ్లా పెరుగుతాది! కొంచెం సున్నపునీళ్లు గూడా పోస్తే పులుపు ఇరుగుతాది. శానా బక్కెట్లు కావల్ల. నలభై అన్నా..." అని అక్కడే ఆగిపోయింది.

బాగున్న గుంత డోన్ మొత్తానికి మాకు తెలిసి ఒక్కటే. గోడకు అవతలిది. నలభై బక్కెట్లు తీస్తే ఆ గుంతలో మంట పండక్కి ఉండదు. అది అందరికీ అర్థమైంది. అందరికంటే ఆమెకే ముందు అర్థమైనట్టుంది, ఎందుకంటే చాలాసేపు ఆ కట్టెను చేతిలో తిప్పుతూ నిలబడింది.

"ఒక బర్రె ఎంగిలి ఇంకో బర్రె తింటే బతుకుతాది" అంది చివరికి, ఎవరితోనో కాదు, తనలో తనే. తర్వాత నా వైపు తిరిగింది. "నిలబడి సూస్తాండావేమప్పా? బక్కెట్లు యాడ?"

ఆ మాటతో వీధి లేచింది. గోడ పక్కన మనుషులు వరసగా నిలబడ్డారు. ఓబుళేశు అవతల గుంతలోంచి తోడుతున్నాడు, బక్కెట్లు చేతులు మారుతున్నాయి, గోడ మీద కూర్చుని నేను ఇటు అందిస్తున్నాను. జీవమ్మ ముక్కు చీదుకుంటూనే సున్నపునీళ్లు కలిపింది. నలభై బక్కెట్లు పోసేసరికి నా పంచె, చొక్కా, మీసం, అన్నీ పేడ. అవతల నాగలక్ష్మమ్మ గుంత డ్రమ్ము కిందికి దిగిపోయి నేల మట్టానికి కూర్చుంది. రోషం వస్తే నేను కూడా మాటలు అంటాను గానీ, ఆ దిగిపోయిన డ్రమ్మును చూసి నాకు దుఃఖం వచ్చింది.

ఆ పన్నెండు రోజులూ గుంతకు లంఖణం. నేను బోర్డు తుడిచేసి లోపల పెట్టాను. రోజూ పొద్దున్నే పోయి డ్రమ్ము మీద చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. ఐదో రోజుకు గబ్బు తగ్గింది. ఎనిమిదో రోజుకు సాహితి ముంచిన కాగితం ఎరుపు వదిలింది. తొమ్మిదో రోజు పాత గాలి మొత్తం వదిలేశాం. పదకొండో రోజుకు డ్రమ్ము మళ్లీ జానెడు లేచింది. వెలిగించి చూద్దామని అందరూ అంటే నేనే వద్దన్నాను. నాకు భయం వేసింది, అంతే. సిగ్నల్ పడకముందే బండి కదిపి ఒకసారి చెయ్యి కాల్చుకున్నాను.

ఉగాది తెల్లవారుజామున కోళ్లు కూస్తుండగా పాకలో చేరాం. ఎనిమిదిళ్లవాళ్లూ ఉన్నారు. అగ్గిపెట్టె విశ్వాసమ్మకిచ్చాను. మొదటి పుల్ల ఆరిపోయింది. జీవమ్మ "యేసయ్యా" అంది, ఓబుళేశు "నరసింహసామీ" అన్నాడు. రెండో పుల్ల ఒక్క క్షణం పట్టి, తుస్సుమని ఆరింది. విశ్వాసమ్మ తాపీగా గొట్టం బిరడా తిప్పి గ్యాసు కొంచెం తగ్గించి మూడోది గీసింది.

నీలం మంట గుండ్రంగా పొయ్యంతా తిరిగింది, నిలిచింది.

ఎవరు ఎవరిని కావలించుకున్నారో తెలియదు. ఓబుళేశు వేసిన విజిలుకు స్టేషన్లో గూడ్సు బండి ఆగిపోయి ఉంటుంది. నేను ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు. అంత గోలలో వెనక నుంచి, "జరుగండప్పా, దారియ్యండి" అని వినబడింది.

నాగలక్ష్మమ్మ. తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, ఒక చేతిలో పెనం, ఇంకో చేతిలో పూర్ణం ఉన్న గిన్నె. వెనక సాహితి పిండి గిన్నె పట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. వాళ్లింట్లో నిండు సిలిండరు ఉంది, నేను ఎరుగుదును. నా చూపు చూసి ఆమే అంది.

"మా గుంత మీరు తోడుకుంటిరి. నేను సిలిండరు ఎలిగించి మళ్లా పొగ లెక్క పెంచాల్నా?"

రెండు పొయ్యిల్లో ఒకదాని మీద ఆమె భక్షాలు కాల్చింది. రెండోదాని మీద విశ్వాసమ్మ జొన్నరొట్టె, వంకాయ కూర చేసింది. ఇద్దరి మోచేతులూ తగులుతున్నాయి. మొదటి భక్షం విస్తరాకులో చుట్టి సాహితి చేత దేవుడి గదికి పంపించి, నాగలక్ష్మమ్మ పాకలో పీట మీద కూర్చుంది. కొంతసేపు విశ్వాసమ్మ పెనం వంకే చూసింది.

"విశ్వాసమ్మా, ఆ రొట్టె నాకూ ఒకటి పెట్టు. కూర గూడా."

విశ్వాసమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఇరవై ఏళ్లు దారం తెంచని కేకు డబ్బాలు పంపిన చెయ్యి అది. ఆమె నా వైపు చూడలేదు, ఎవరి వైపూ చూడలేదు. మెత్తగా కాలిన రొట్టె ఏరి ఆకులో పెట్టి, కూర వేసి ఇచ్చింది. నాగలక్ష్మమ్మ తింది. "ఉప్పు తక్కువైంది" అని కూడా అంది. విశ్వాసమ్మ, "రేపు సరిగ్గా ఏస్తాలే అమ్మా" అంది.

తిన్నాక ఆమె ఆకు మడిచి లేచింది. అందులో రొట్టె అంచులు, వంకాయ తొడిమలు, కొరికి వదిలిన పచ్చిమిరపకాయ ఉన్నాయి. నేను చెయ్యి చాపాను, తీసి పారేద్దామని. ఆమె ఇవ్వలేదు. నేరుగా పోయి మా బక్కెట్ దగ్గర నిలబడింది.

"బోర్డు యాడప్పా?"

"లోపల పెట్టినానమ్మా. ఇంక పోటీలేమీ లేవు."

"పోటీ ఎవరిక్కావల్ల? దాంట్లో ఎనిమిదిళ్లే ఉండాయంట గదా, సాహితి చెప్పింది. వీధిలో ఇండ్లెన్ని?"

లోపలికి పోయి బోర్డు తెచ్చి పాక ముందు ఆనించాను. తెల్ల సుద్దతో ఎనిమిది పేర్ల కింద ఆమె పేరు రాశాను. రాసేటప్పుడు అక్షరాలు వంకర పోయాయి. తర్వాత ఊరికే 'కొంచెం' అని రాయబోయాను.

"తూచి రాయి. మొగమాటాలొద్దు" అంది.

తక్కెడకు ఆమె ఎంగిలాకు తగిలించాను. నూట యాభై గ్రాములు. ఆకులోంచి పచ్చిమిరపకాయ మాత్రం ఏరి పక్కన పెట్టాను, మళ్లీ అజీర్తి చేస్తుందేమోనని. నూట నలభై ఐదు అని రాసి, ఆ ఆకు మా అందరి ఎంగిలి ఉన్న బక్కెట్లో వేశాను.